కాల్చినట్టు రాసిన పంది

మొన్న ఇద్దరు పిల్లలు మా ఇంటికి వచ్చారు. అటవీశాఖలో కొత్తగా బీట్ ఆఫీసర్లుగా చేరారట. మా కాలంలో ఆ ఉద్యోగాన్ని గార్డు అనేవాళ్ళు. పేరు పెరిగింది కానీ నడక తగ్గినట్టు లేదు, ఇద్దరి బూట్లూ అరిగిపోయి ఉన్నాయి. "సార్, మీ సర్వీసులో మీరు కాపాడిన జంతువుల గురించి చెప్పండి" అని అడిగారు. కాఫీ ఇచ్చి, ఉడకబెట్టిన శనక్కాయలు పెట్టి, వానల గురించి మాట్లాడి పంపేశాను. వాళ్ళు గేటు దాటగానే మా ఇంటామె, "వాళ్ళు అడిగిందొకటి, నువ్వు చెప్పిందొకటి" అంది.

నిజమే. కాపాడిన వాటి జాబితా చిన్నది, చొక్కా జేబులో పడుతుంది. కాపాడని వాటి సంగతి చెప్పాలంటే ఒక కాఫీ చాలదు. అందుకే రాస్తున్నాను. పిల్లలూ, ఇది మీకే.

తొంభైల చివర మొదలుపెట్టి ఏడెనిమిదేళ్ళు అనంతపురం జిల్లాలో ఒకే బీటులో పనిచేశాను. అడవి అంటే మీకు చెట్లు గుర్తొస్తాయేమో. మా బీటులో అడవి తక్కువ, బీడు ఎక్కువ. ఏనుగులంతటి గుండ్లు పేర్చిన గుట్ట, దాని మీద బలుసు కంప, కలేకాయల పొదలు, కింద చుట్టూరా శనక్కాయ చేలు. ఆ చేలలోకి అడవిపందులు దిగేవి. రైతులు ఉచ్చులు పెట్టేవాళ్ళు. పడిన పందిని అక్కడే కోసి, మాంసం పాళ్ళు వేసుకుని, తలా తోలూ పేగులూ గుట్టమీదే వదిలేసి పోయేవాళ్ళు. మాంసాన్ని సంచిలో వేస్తే గొర్రెమాంసం అని చెప్పుకోవచ్చు. పందితలను మాత్రం ఎంత మూటగట్టినా పందితలే అంటారు.

నాకు వేగులు కాకులు. పొద్దున్నే అవి ఏ గుండు మీద గుమిగూడితే ఆ గుండు దగ్గర నాకు పని ఉన్నట్టు. నేను చేరేసరికి మనుషులు ఉండేవాళ్ళు కాదు. "గుర్తుతెలియని వ్యక్తులు" అని రాసేవాణ్ణి. ఆ గుర్తుతెలియని వ్యక్తుల ఇళ్ళన్నీ నాకు తెలుసు, రెండిళ్ళలో మజ్జిగ కూడా తాగాను.

అప్పుడు మా రేంజిలో ఒక పద్ధతి ఉండేది. దొరికిన పంది కింది దవడకు కేసు నంబరు కొట్టిన రేకుబిళ్ళను తీగతో కట్టాలి. సాక్షి ముందు పంచనామా రాయాలి. తర్వాత ఆ తలా పేగులూ అన్నీ కిరోసిన్ పోసి కాల్చి బూడిద చేయాలి. అందుకోసం నెలకొక డబ్బా కిరోసిన్ రేంజి ఆఫీసు నుంచి వచ్చేది. వచ్చేది గుట్టకు, చేరేది మా ఇంటికి. రేషన్ కిరోసిన్ పదిరోజులకే అయిపోయేది మరి.

మొదటిసారి డబ్బా తీసుకుని బయల్దేరబోతుంటే మా ఇంటామె అడ్డం నిలబడింది.

"ఏమయ్యా, చచ్చిన పందికి వంట చేస్తావా, బతికున్న పిల్లోళ్ళకు నన్ను చేయమంటావా?"

దీనికి అటవీ చట్టంలో జవాబు లేదు. డబ్బా దించేశాను.

అప్పటినుంచి తల, పేగులు గుట్ట నడుమ ఉన్న చదును బండ మీద పడేసి, "కిరోసిన్ పోసి దహనం చేయడమైనది" అని రాయడం అలవాటైంది. పంచనామా అంటే అర్థం నాకు అప్పుడే బోధపడింది. పందిని వాళ్ళు పంచుకుంటారు, శాఖకు నేను నామం పెడతాను.

తప్పని తెలుసు. కానీ నన్ను నేను సమర్థించుకోవడానికి ఒక మంచి కారణం దొరికింది, అది నాలుగు కాళ్ళతో నడిచేది. బండ మీద పడేసిన మర్నాడు వెళ్తే అక్కడ ఏమీ మిగిలేది కాదు. పగలంతా కాకులు, గద్దలు. చీకటి పడ్డాక గుంటనక్కల జంట. అన్నింటికంటే వెనక దుమ్ములగొండి వచ్చేది. దుమ్ములంటే ఎముకలు కదా. మా ప్రాంతంలో దుమ్ముకు కొదవ లేదు, ఆ పేద ప్రాణికి దుమ్ములకే కొదవ. దాని ముందు కాళ్ళ అడుగులు పెద్దవి, వెనక కాళ్ళవి చిన్నవి. ఎడమ ముందు పాదంలో ఒక వేలు లేదు, ఎప్పుడో ఉచ్చు కోసేసినట్టుంది. ఆ మూడు వేళ్ళ అడుగు చూస్తే చాలు, ఫలానా ఆమె వచ్చి భోంచేసి పోయింది అనుకునేవాణ్ణి. ఒక సాయంత్రం దూరం నుంచి చూశాను కూడా. వీపు మీద జూలు, ఒంటిమీద నల్ల చారలు, ఎవరో వెనక కాళ్ళు కురచగా కుట్టినట్టు వంగిన నడక. పంది తల నోట కరుచుకుని, పెళ్ళి నుంచి కూర గిన్నె తీసుకుపోయే ముసలమ్మలా జాగ్రత్తగా గుండ్లలోకి పోయింది.

అలా రికార్డుకు ఆకలి తీరింది, గుట్టకు తీరింది, మా ఇంటికీ తీరింది. ఇంతకంటే మంచి పరిపాలన ఏముంటుందని నాలో నేను మురిసిపోయేవాణ్ణి.

నా పంచనామాల మీద ఎప్పుడూ వేలిముద్ర వేసే సాక్షి ఒకాయన ఉండేవాడు, గొర్రెలకాపరి. వయసులో నాకంటే పెద్ద, వరసలు కలుపుకుని మామా అనేవాణ్ణి. ఆయన నన్ను గార్డప్పా అనేవాడు. గుట్ట కిందే ఆయన మంద. నేను పిలిస్తే వచ్చి, కాల్చని పందిని కాల్చినట్టు చూసి, వేలు అద్ది పోయేవాడు. "చదివి వినిపించు" అని ఒక్కసారి కూడా అడగలేదు. నేను కూడా వినిపించలేదు. ఇద్దరికీ మర్యాద తెలుసు.

రెండువేలు దాటాక వరసగా కరువు వచ్చిన ఏళ్ళు మీకు గుర్తుండవు. గొర్రెలకు మేత లేక ఎముకలు లెక్కపెట్టేలా ఉండేవి. ఈనిన తల్లులకు పాలు లేవు. పిల్లలు నిలబడలేక పడిపోతుంటే తోడేళ్ళు వచ్చి ఎత్తుకుపోయేవి. ఒక పొద్దున మామ నా దగ్గరకు వచ్చాడు. పక్కన ఆయన కుక్క, చెవి తెగిన ముసలి కుక్క.

"గార్డప్పా, మూడో పిల్లను ఎత్తకపోయినాయి. ఏమన్నా చెయ్యి."

"ఏం చేయాల మామా? తోడేలును ముట్టుకుంటే నిన్నే లోపలెయ్యాల. అర్జీ రాసిస్తా, వేలు పెట్టు."

"నా వేలంతా నీ కాయితాలకే అరిగిపాయ. తోడేలు చదువుతాదా అర్జీని?"

నాకు నవ్వొచ్చింది. మాటకు మాట అనకపోతే నాకు అన్నం అరగదు. ఆ రోజు నోరు మూసుకుని ఉంటే బాగుండేది.

"తోడేలు నీ మంద కాడికి ఎందుకొస్తాది మామా? ఆడ బండ మీద దానికి నేను విస్తరేసి వడ్డిస్తాండా కదా. మొన్న శుక్రవారం పంది పేగులు కూడా వేసినా. కావాలంటే నువ్వూ పోయి చూసుకో, పంక్తికి ఎవరెవరు కూచుంటారో."

మామ నవ్వలేదు. గుట్టవైపు చూశాడు. "అట్లనా" అన్నాడు. కుక్కను పిలుచుకుని వెళ్ళిపోయాడు. నేను మాత్రం నా జోకు బాగా పేలిందనే అనుకున్నాను. పేలడం నిజమే.

ఆ వారం ఇంకో పంది పడింది. ఎప్పటిలాగే తలా పేగులూ బండ మీద పడేశాను, దహనం రాశాను, మామ వేలు పెట్టాడు. అది ఆదివారం. సోమవారం పొద్దున గుట్ట ఎక్కుతుంటే కాకుల అరుపు లేదు. బండ చుట్టూ కాకులు ఉన్నాయి, అరవడానికే లేవు. రెక్కలు విప్పుకుని పడి ఉన్నాయి. పేగుల మీద శనక్కాయ పంటకు కొట్టే పురుగుమందు వాసన. పొదలో గుంటనక్కల జంట ఒకదాని మీద ఒకటి. మామ కుక్క బండ అంచున, నోట్లో ఇంకా పేగు ముక్క ఉంది. యజమాని ఎవరికో పెట్టిన విందుకు పిలవకుండానే వచ్చి కూచున్నట్టుంది. తోడేలు ఒక్కటీ లేదు. తోడేళ్ళకు నా విందు సంగతి తెలియదు, అవి గొర్రెపిల్లలతోనే సరిపెట్టుకునేవి.

కొంచెం కింద, రాతి సందులో నీటి చెమ్మ ఉన్నచోట దుమ్ములగొండి పడి ఉంది. దప్పికతో అంతదూరం పాకినట్టు మట్టిలో గీత. ఎడమ ముందు పాదం చూశాను. వేలు లేదు. తర్వాత పొట్ట చూశాను. చన్నులు పాలతో బిగుసుకుని ఉన్నాయి.

పాలున్నాయంటే పిల్లలున్నట్టు.

దాని అడుగులు పట్టుకుని వెతికాను. గంటకు దొరికింది. రెండు గుండ్ల నడుమ గవి, మనిషి దూరలేనంత సన్నని గుహ. లోపల్నుంచి మూలుగు వినిపించింది. ఆకలితో ఉన్న పసిపిల్ల ఏడ్చి ఏడ్చి అలిసిపోయాక తీసే రాగం లాంటిది. ఒక గొంతు కాదు, రెండు.

గవి ముందు ఎముకల కుప్ప ఉంది. ఆ కుప్పలో ఎండకు ఏదో మెరిసింది. వంగి చూస్తే రేకుబిళ్ళ. దాని మీద కేసు నంబరు, నా చేత్తో కొట్టిన అంకెలు. నేను కాల్చి బూడిద చేసిన పందులు దవడలతో సహా అక్కడ వరసగా కూచుని ఉన్నాయి. నా దొంగ పంచనామాలన్నిటికీ ఆమె ఒక రికార్డు గది నడిపింది.

పిల్లలూ, ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. లోపల ప్రాణాలు మూలుగుతుంటే నేను మోకాళ్ళ మీద కూచుని మొదట చేసిన పని బిళ్ళలు ఏరుకోవడం. అంకెలన్నీ ఆ ఏడాదివే, అంటే ఆమె ఆ గవికి చేరింది అప్పుడే. ఆ ఏడాది నేను కాల్చకుండా వదిలేసినవి నాలుగు. ఆదివారం తల ఇంకా బండ మీదే ఉంది, దాని బిళ్ళ అక్కడే విప్పుకున్నాను. గవి ముందు రెండు దొరికాయి. అంటే ఒకటి తక్కువ. అది లోపలే ఉండాలి, పిల్లల దగ్గర.

ఇక గవిని ఎవరు తవ్వినా పిల్లలతోబాటు నేను కూడా బయటపడతాను. గార్డు నుంచి ఫారెస్టరుగా నా ప్రమోషన్ కాగితం ఆ నెలే కదులుతోంది. దొంగ పంచనామా అంటే ప్రమోషన్ సంగతి అలా ఉంచండి, ఉద్యోగమే ఉండదు. లోపలికి చెయ్యి పెట్టి చూశాను, భుజం దాకా పోయింది, ఏమీ తగల్లేదు. మూలుగు మాత్రం ఇంకా లోపలికి జరిగింది. విషం కలిసిన పేగులు పాతిపెట్టాను. చచ్చిన వాటి మీద రాళ్ళు, కంప వేశాను. ఇంటికి వచ్చేశాను.

మంగళవారం మళ్ళీ వెళ్ళాను. నాకంటే ముందే మామ అక్కడ ఉన్నాడు. గవి ముందు గొంతుకూచుని, సత్తు గిన్నెలో మేకపాలు లోపలికి తోస్తున్నాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నా కుక్కను వెతుక్కుంటా వచ్చినా గార్డప్పా. కంప తీసి చూసినా. అప్పుడు ఇవి ఇనపడినాయి." గిన్నెను ఇంకొంచెం తోశాడు. "రావు. మనిషి వాసనకు లోపలికి పోతాండాయి. ఆకలిగొన్న గొర్రెపిల్లయితే నా వేలు చీకుతాది. ఇవి నన్ను నమ్మడంలే."

"నమ్మేటట్టు చేసినావా మామా?"

"చేయలే. మందు పెట్టింది నేనే." చేతికి అంటిన పాలు పంచెకు తుడుచుకున్నాడు. "తోడేలుకు పెడితే, బిడ్డతల్లికి పోయింది. నా మందలో చూడనా నేను, తల్లి పోయిన పిల్ల ఎట్ల ఉంటాదో? గార్డప్పా, నువ్వు కాయితం రాయి. పెద్దసార్లను పిలిపించు, పశువుల డాక్టరును పిలిపించు. పొగ పెడతారో తవ్వుతారో, వీటిని తీయనీ. నేనే పెట్టినానని వేలు పెడతా. ఈసారి చదివి వినిపించు, అంతే."

ముప్పై ఏళ్ళు దాటిన సర్వీసులో నా ముందు తప్పు ఒప్పుకున్న ముద్దాయి ఆయనొక్కడే. నేనేం చేశానో తెలుసా?

"నోరు మూసుకో మామా. నువ్వు ఒప్పుకుంటే నీకంటే ముందు నేను పోతా. ఆడ పేగులు యాడివని అడుగుతారు. కాల్చినామని ఇద్దరం వేలు పెట్టుండాం, నువ్వు వేలు, నేను సంతకం. నీ మంద ఎవరు చూసుకుంటారు?"

చివరి మాట కావాలనే అన్నాను. అది ఆయనకు తగిలింది. పాల గిన్నె అక్కడే పెట్టి లేచాడు.

"నీకు చదువుంది గార్డప్పా" అన్నాడు. ఆ మాటను నేను ఇన్నేళ్ళుగా ఎన్ని రకాలుగా తిప్పి చూసినా అందులో పొగడ్త దొరకలేదు.

బుధవారం మనసు ఆగలేదు. తాడిపత్రి బండల లారీ ఒకటి ఆపి, నల్లబండల మీద కూచుని ఆఫీసుకు పోయాను. చెప్పేద్దామనే పోయాను. మా ఫారెస్టరు సారు, అంటే నా పై అధికారి, బల్ల మీద కాగితాలు సర్దుతున్నాడు. కింది నుంచి ఎదిగినవాడు, మంచివాడు. మంచివాడు కావడమే ఆ రోజు ముప్పయింది.

"రాప్పా, నీ పేరు లిస్టులో ఉండాది. రేపు డివిజన్‌కు పోతాండాది. ఏం, మొగం అట్ల పెట్టినావు?"

"సార్, గుట్టలో దుమ్ములగొండి చచ్చిపోయింది. నక్కలు కూడా."

ఆయన నా మొహంలోకి చూశాడు. "ఏం తిని?"

ఆయన పంచనామాల ఫైలు ఒకసారి తెరిచి, మళ్ళీ మూశాడు.

"కాల్చినట్టు రాసినావు కదప్పా. మరి ఆడ తినేదానికి ఏముంటాది? ఏదో రోగం వచ్చుంటాది. రోగమని రాసుకునిరా. రేపు డాక్టరును పిలుచుకుని నేనే వస్తా, అదే మేలు." లేచి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "లిస్టు పోయినాక."

పిల్లల సంగతి చెప్పడానికి నోరు తెరిచాను. "సరే సార్" అని వచ్చింది.

గురువారం వచ్చారు. ఫారెస్టరు సారు నిండు కిరోసిన్ డబ్బాతో వచ్చాడు. డాక్టరు వయసులో చిన్నవాడు. కుళ్ళిన శరీరం దగ్గర ముక్కుకు గుడ్డ కట్టుకుని కూచున్నాడు. ఒక నిమిషం కాకముందే తలెత్తాడు.

"ఇది పాలిచ్చే తల్లి. పిల్లలు ఇక్కడే ఎక్కడో ఉంటాయి. మీరు వెతకలేదా?"

అప్పుడే వెతుకుతున్నట్టు నటిస్తూ గవి దాకా తీసుకుపోయాను. మామ అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు, చేతిలో గొర్రెలకు ఆకు తెంపే పొడవాటి దోటి. గిన్నెలో పాలు విరిగి, చీమలు పట్టి ఉన్నాయి. లోపల చప్పుడు లేదు.

డాక్టరు దోటి తీసుకుని, బోర్లా పడుకుని లోపలిదంతా మెల్లగా బయటికి లాగాడు. ముందు ఎండిన ఎముకలు వచ్చాయి, ఒక పంది దవడ. తర్వాత రెండు పిల్లలు. ఒకదాని మెడ మీద ఇంకొకటి తల పెట్టుకుని ఉన్నట్టే వచ్చాయి. తల్లి చారలన్నీ చిన్న అచ్చులో.

నేను ముందు దవడ చూశాను. ఆ తర్వాతే పిల్లల్ని చూశాను.

దవడకు బిళ్ళ లేదు. డాక్టరు గవి అడుగంటా గీకాడు. ఎక్కడా లేదు.

"ఒళ్ళు ఇంకా బిగుసుకునే ఉంది" అన్నాడాయన. "నిన్న సాయంత్రం దాకా బతికే ఉంటాయి. మీరు ఇవన్నీ ఎప్పుడు చూశారు?"

"ఈ పొద్దే సార్" అన్నాను.

మామ నావైపు చూడలేదు. విరిగిన పాలు నేల మీద పోసి, గిన్నె బోర్లించి, దోటి భుజాన వేసుకుని గుట్ట దిగిపోయాడు.

ఆ మధ్యాహ్నం తల్లినీ పిల్లల్నీ నక్కల్నీ కుక్కనూ కాకుల్నీ ఒకచోట పేర్చి కిరోసిన్ పోసి కాల్చాం. నా బీటులో నిజంగా జరిగిన మొదటి దహనం అదే. కాగితంలో కారణం రోగమని రాసుకున్నాం. రోగం మాట అబద్ధం కాదు, ఎవరిదో రాయలేదంతే.

ప్రమోషన్ వచ్చింది. ఊరు మారాలి కాబట్టి మా ఇంటామె సామాన్లు సర్దుతూ, నేను గుట్టకు తీసుకుపోయే పాత సంచి దులిపింది. అడుగునుంచి ఏదో ఠంగుమని పడింది.

"ఇదేందయ్యా, బిళ్ళ?"

నాలుగో బిళ్ళ. చూడగానే గుర్తొచ్చింది. ఎండాకాలంలో ఒకరోజు తీగ తీసుకుపోవడం మరిచాను. రేపు కట్టొచ్చులే అనుకుని బిళ్ళను సంచిలో పడేశాను, కట్టినట్టు రాశాను. గవిలో అది ఎప్పుడూ లేదు. సోమవారం రోజే మనుషులను పిలిచి ఉన్నా నాకేమీ అయ్యేది కాదు. నా బద్ధకం నన్ను ఎప్పుడో కాపాడేసింది, నాకే తెలియదు.

కొత్త ఉద్యోగంలో నా కింద ఆ బీటు కూడా ఉండేది. మరుసటి ఏడు మళ్ళీ పంది పడింది. పంచనామా రాసి, సాక్షి కోసం మామను పిలిచాను. వచ్చాడు. కుక్క లేదు. కాగితం వైపు చూసి చేతులు వెనక్కు కట్టుకున్నాడు.

"కాల్చు గార్డప్పా. కాలేదాకా కూచుంటా. బూడిదయినాక పెడతా వేలు."

ఫారెస్టరునయ్యానని ఆయనకు తెలుసు. గార్డప్పా అనే అన్నాడు. కాల్చాను. చివరి ఎముక పగిలేదాకా ఇద్దరం గాలికి అడ్డం కూచున్నాం. అప్పుడు నేను చదివి వినిపించాను, ఆయన విని వేలు పెట్టాడు.

ఆ పద్ధతి నేను దిగిపోయేదాకా సాగింది. నా తర్వాతి పంచనామాలు ఏవి తీసి చూసినా అక్షరం అక్షరం నిజం. ఆ గుట్ట మీద నా అబద్ధం తిని బతికేవాళ్ళు ఎవరూ మిగల్లేదు.